రెండు నెలల బాబుకి తల వెనక ఒక పక్క చదును: ఆవాల దిండు పెట్టాలా, వద్దా?

నాగావళి_అమ్మాయి, ఆమదాలవలస
సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. మా బాబుకి రెండు నెలలు దాటాయి. పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉన్నాను. మొన్న నీళ్లు పోశాక తల తుడుస్తూ మా అమ్మ "ఏటే, గుంటడి బుర్ర కుడి పక్క చప్పిడిగా ఉంది?" అంది. పైనుంచి చూస్తే నిజమే. వెనక కుడివైపు చదునుగా ఉంది. కుడి చెవి కూడా ఎడమ చెవి కంటే కాస్త ముందుకు ఉన్నట్టుంది, లేక అది నా అనుమానమేనేమో. వాడు ఎప్పుడు చూసినా కుడివైపే తల వాల్చి పడుకుంటాడు. ఎడమకి తిప్పుతాను, నిద్రలోకి జారగానే మళ్లీ కుడికే వచ్చేస్తాడు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అత్తగారు నెల్లిమర్ల నుంచి ఆవాల దిండు పంపించారు. నీళ్లు పోసే ఆవిడ "రోజూ నూనె రాసి నాలుగు ఒత్తులు ఒత్తితే గుండ్రంగా వచ్చేస్తాది" అంటోంది. మా ఆయన ఉద్యోగం చెన్నైలో. వీడియో కాల్‌లో చూసినప్పటి నుంచి హెల్మెట్ పెట్టుకున్న పిల్లల ఫొటోలు పంపుతున్నారు. పది వారాల టీకాకి వెళ్లినప్పుడు చూపిస్తే డాక్టర్ గారు "అదే సర్దుకుంటుందిలే అమ్మా" అని తర్వాతి వాళ్లని పిలిచేశారు.

దిండు పెట్టనా, వద్దా? మెదడుకి ఏమైనా అవుతుందా? టెన్షన్‌గా ఉంది.


బొబ్బిలి_వీణ, బొబ్బిలి
సోమవారం, రాత్రి 10:41

కంగారు పడకండి. ఆవాల దిండు పెట్టేయండి. మా ఇంట్లో పిల్లలందరికీ అదే పెట్టాం, బుర్రలు గుండ్రంగా ఉన్నాయి. ఆవాలు కడిగి బాగా ఎండబెట్టి, మెత్తటి పాత పంచె గుడ్డతో సంచి కుట్టి వదులుగా పోయాలి. నిండా పోస్తే గట్టిగా అయిపోతుంది. బజార్లో కొన్నవి మాత్రం వద్దు, లోపల ఏం పోస్తారో ఎవరికి తెలుసు.


సుదూర_సిక్కోలు, న్యూజెర్సీ (ఊరు నరసన్నపేట)
సోమవారం, రాత్రి 11:05

వీణ గారూ, కుట్టే పద్ధతి బాగా చెప్పారు గానీ నేను వద్దనే అంటాను. ఇక్కడ అమెరికాలో మందులూ వైద్య పరికరాల సంగతి చూసే ఎఫ్‌డీఏ 2022 నవంబర్‌లో ఈ తల ఆకారం దిండ్ల మీద హెచ్చరిక ఇచ్చింది. తల చదును తగ్గడానికైనా, రాకుండా ఉండటానికైనా వాటిని వాడొద్దని సూటిగా చెప్పింది. కారణం ఊపిరి. ఆ వయసు పిల్లలకి మెడ నిలవదు. మెత్తటి దాంట్లో ముఖం ఒరిగితే తీసుకోలేరు. గుడ్డ చిరిగి గింజలు బయటికొస్తే ముక్కులోకీ నోట్లోకీ పోయే భయం ఇంకోటి.

ఏడాది లోపు పిల్లలకి అసలు దిండే అక్కర్లేదు. ఆవాలైనా, దూదైనా, మధ్యలో గుంట ఉన్న ఖరీదైన ఫోమ్ దిండైనా అంతే.


రాజాం_అమ్మమ్మ, రాజాం (శ్రీకాకుళం జిల్లా అనే నోటికొస్తుంది, 2022 నుంచి విజయనగరం జిల్లా)
మంగళవారం, ఉదయం 5:50

అమ్మా నాగావళీ, రాత్రి అందరూ భయపెట్టేసినట్టున్నారు. ముందు కాస్త నెమ్మదించు.

నేను మనవల్ని చాలామందినే పెంచాను. చుట్టుపక్కల ఇళ్లలోనూ నీళ్లు పోశాను. ఒత్తుల సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, వద్దు. తల నొక్కడం, ముక్కు లాగడం, దవడ సాగదీయడం ఇవన్నీ మా అత్తల కాలం నాటివి. ఒత్తగానే గుండ్రంగా వచ్చినట్టు కనిపిస్తుందంటే, ఆ వయసులో తల ఎలాగూ రోజురోజుకీ మారుతుంది కాబట్టి. కాన్పులో పొడుగ్గా సాగిన బుర్ర కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ పేరు మాత్రం నీళ్లు పోసినావిడకి పోతుంది. ఆ నీళ్లు పోసే ఆవిడతో గొడవ పడకు. "డాక్టరు తల ముట్టుకోవద్దన్నారు, ఒళ్లంతా నీ ఇష్టం" అని చెప్పు, వింటుంది. నూనె రాయడం వరకు పర్లేదు, వేళ్లతో అదమకుండా.

కానీ ఆవిడ చేసే దాంట్లో నీకు బాగా పనికొచ్చేది ఒకటుంది. కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లాడిని బోర్లా వేసుకుని వీపు రుద్దుతుంది చూడు, ఆ పని ఎక్కువసేపు చేయించు. నీళ్లు పోయకుండా, ఊరికే నూనె రాసేటప్పుడు కూడా. బోర్లా ఉన్నప్పుడు పిల్లాడు తల ఎత్తాలని చూస్తాడు. మెడకి బలం వస్తుంది, బుర్ర వెనక భాగానికి విశ్రాంతి. ఇప్పుడు టీవీల్లో బోర్లా పడుకోబెట్టమని కొత్తగా చెబుతున్నారు గానీ మన కాళ్ల మీద స్నానంలో అది ఎప్పటినుంచో ఉంది.


గంటస్తంభం_ఫిజియో, విజయనగరం
మంగళవారం, మధ్యాహ్నం 1:15

అమ్మమ్మ గారికి దండం. నేను రోజూ తల్లులకి చెప్పేదే ఇంకా బాగా చెప్పారు.

విజయనగరంలో పిల్లల ఫిజియోథెరపీ చేస్తుంటాను. ముందు మెదడు సంగతి. పడక వల్ల వచ్చే చదును మెదడుని నొక్కదు. మెదడు పెరగడానికి లోపల చోటు తగ్గదు, తల పెరిగే దిశ మారుతుందంతే.

పుట్టిన పిల్లల పుర్రె ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. మాడు మీద మెత్తగా కొట్టుకునే చోటు అలాంటి ఖాళీయే. అది పూర్తిగా మూసుకోవడానికి సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మొదటి మూడు నెలల్లో తల చుట్టుకొలత నెలకి సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. తర్వాతి మూడు నెలల్లో నెలకి 1, ఆ పైన అర. అంత వేగంగా పెరిగే తల రోజంతా ఒకే చోట ఆనుకుని ఉంటే అటు పెరగలేక పక్కకి పెరుగుతుంది. చదును మొదలయ్యాక తల దానంతట అదే ఆ చదును మీదికే దొర్లుతుంది. మీరు తిప్పినా మళ్లీ కుడికి రావడానికి అదొక కారణం.

రెండో కారణం మెడ కావచ్చు. దాన్ని ఇంట్లోనే చూడొచ్చు. బాబు కడుపు నిండి, హుషారుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, మీ ముఖం చూపిస్తూ నెమ్మదిగా ఆ పక్క నుంచి ఈ పక్కకి జరగండి. కళ్లతో పాటు తల కూడా తిరగాలి. గడ్డం కుడి భుజం దాకా ఎంత తేలిగ్గా వస్తోందో ఎడమ భుజం దాకా అంతే తేలిగ్గా రావాలి. ఎడమకి సగంలోనే ఆగిపోయి కళ్లు మాత్రమే తిప్పుతున్నాడా? ఎత్తుకున్నప్పుడు తల ఎడమ భుజం మీదికి వంగి ఉంటోందా? అయితే ఎడమ మెడ కండరం బిగుసుకుని ఉండొచ్చు. అవును, కుడివైపే చూసే పిల్లల్లో తరచూ బిగుసుకునేది ఎడమ కండరం, చాలామంది తిరగేసి అనుకుంటారు. చేత్తో పట్టుకుని బలవంతంగా మాత్రం తిప్పకండి.

చెవి గమనించడం మంచిపని చేశారు. పడక చదునులో ఆ వైపు చెవి కాస్త ముందుకు జరుగుతుంది. అదే వైపు నుదురు కూడా కొంచెం ముందుకు రావచ్చు. పుర్రె అతుకులు ముందే మూసుకుపోయే జబ్బు వేరే ఉంది, దాదాపు రెండు రెండున్నర వేల మందిలో ఒకరికి వస్తుంది. అందులో అతుకు వెంట వేలికి గట్టులా తగలొచ్చు. వెనక అతుకు మూసుకున్న పిల్లల్లో సాధారణంగా చెవి ముందుకి రాదు, వెనక్కి లాగినట్టు ఉంటుంది. పుట్టినప్పటి నుంచే తల ఆకారం తేడాగా ఉన్నా, చుట్టుకొలత పెరగకపోయినా పిల్లల డాక్టరుకి వెంటనే చూపించాలి. మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించట్లేదు, అయినా చేత్తో ముట్టుకుని చూసిన వాళ్ల మాటే మాట.

ఇక చేయాల్సింది. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. తల వైపు మాత్రం మార్చండి, ఒక నిద్రకి కుడి, ఇంకో నిద్రకి ఎడమ. మెలకువ వచ్చాక వీలైనంతవరకు నేల మీద వెల్లకిలా వదిలేయకండి. బోర్లా, ఒళ్లో, భుజం మీద, చంకలో.

ఇంకోటి: పిల్లాడు కుడికే ఎందుకు చూస్తున్నాడో గది మధ్యలో నిలబడి చూడండి. కిటికీ ఎటుంది, ట్యూబ్‌లైట్ ఎటుంది, మీరు ఎటు పడుకుంటారు, తలుపు ఎటు. చిన్నపిల్లలు వెలుగు వైపూ అమ్మ వైపూ తిరుగుతారు. ఫ్యాన్ చూస్తూ గంటలు గడిపేస్తారు.


టెక్కలి_నాన్న, టెక్కలి
మంగళవారం, సాయంత్రం 6:30

మంచి చర్చ. మాకూ చిన్నపాప ఉంది, మూడో నెల. మా ఆవిడకి పాలు సరిపోక డబ్బా పాలు పడుతున్నాం. రాత్రి పూట నాదే డ్యూటీ. ఫిజియో గారు చెప్పింది చదివాక ఒక అనుమానం. నేను ఎప్పుడూ పాపని ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుని కుడి చేత్తో సీసా పడతాను. దానివల్ల కూడా తేడా వస్తుందా?


గంటస్తంభం_ఫిజియో, విజయనగరం
మంగళవారం, రాత్రి 8:02

వస్తుంది నాన్నగారూ. తల్లిపాలు తాగే పిల్లలు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతారు. సీసా పట్టేవాళ్లు ఎప్పుడూ తమకి వాటమైన చేతినే వాడతారు, పాప ఎప్పుడూ ఒకే వైపు నుంచి మీ ముఖం చూస్తుంది. సగం పాలయ్యాక చేయి మార్చండి. మొదట్లో సీసా వంకరగా పోతుంది, అలవాటవుతుంది. పడుకోబెట్టి సీసా నోట్లో ఆనించి వదిలేయడం మాత్రం అసలు వద్దు, పొలమారుతుంది.


చీపురుపల్లి_చిన్నోడు
మంగళవారం, రాత్రి 9:10

ఇంత గొడవెందుకండీ. రాత్రి బోర్లా పడుకోబెట్టేయండి. మా అక్క కొడుకుని అలాగే పెంచారు. వెనక బుర్ర నేలకే తగలదు, చదునెలా వస్తుంది? పిల్లాడూ హాయిగా పడుకుంటాడు.


సుదూర_సిక్కోలు, న్యూజెర్సీ
మంగళవారం, రాత్రి 9:34

దయచేసి ఎవరూ ఈ పని చేయకండి.

అమెరికాలో ఒకప్పుడు పిల్లల్ని బోర్లా పడుకోబెట్టేవారు. నిద్రలోనే ఊపిరాగి, ఏ కారణం తెలియకుండా చనిపోయే పసిపిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్లు ఎక్కువని తేలాక, 1992లో పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దని చెప్పింది. 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం చేశారు. ఆ చావులు దాదాపు సగానికి పడిపోయాయి. ఆ తర్వాతే తల చదును ఎక్కువగా కనిపించడం మొదలైంది. అంటే చదును వెల్లకిలా పడుకోవడం వల్ల పెరిగిన మాట నిజమే. అయినా ఏ దేశంలోనూ డాక్టర్లు "అయితే మళ్లీ బోర్లా పడుకోబెట్టండి" అనలేదు. తల ఆకారం సర్దుకుంటుంది, ఆగిన ఊపిరి తిరిగి రాదు.

బోర్లా మెలకువగా ఉన్నప్పుడే, పక్కన మనిషి ఉన్నప్పుడే. బోర్లా ఉండగానే కునుకు పట్టేస్తే వెల్లకిలా తిప్పేయాలి.


నిర్వాహకులు
మంగళవారం, రాత్రి 9:50

చిన్నోడు గారి పోస్టు తీసేయమని చాలామంది అడిగారు. జవాబుతో కలిపి ఉంచుతున్నాం. నిద్రలో బోర్లా పడుకోబెట్టమనే సలహాలు ఇకపై వేయకండి.


నాగావళి_అమ్మాయి, ఆమదాలవలస
బుధవారం, మధ్యాహ్నం 2:25

అందరికీ థ్యాంక్స్. అత్తగారి దిండు బీరువాలో పెట్టేశాను, ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఫిజియో గారు చెప్పినట్టు చూశాను. కుడికి భుజం దాకా తిరుగుతున్నాడు. ఎడమకి కొంచెం తిరిగి ఆగి, ఏడుపు ముఖం పెడుతున్నాడు. తల ఎడమకి వంగడం పాత ఫొటోలన్నిట్లోనూ ఉంది, బారసాల ఫొటోతో సహా. "ఎంత ఠీవిగా చూస్తున్నాడో" అని అందరూ ముచ్చటపడ్డ ఫొటో అది!

గది సంగతి. మా మంచం గోడకి ఆనించి ఉంటుంది. బాబు గోడ వైపు, నేను వాడి కుడిపక్క. కిటికీ కూడా కుడివైపే. అంటే వాడికి ఎడమ పక్క చూడటానికి గోడ తప్ప ఏమీ లేదు. తల వైపు కాళ్లూ, కాళ్ల వైపు తలా పెట్టి పడుకోబెడదామంటే మా నాన్న ఒప్పుకోలేదు. అప్పుడు తల ఉత్తరం వైపు వస్తుందట. ఇప్పుడేం చేయను?


రాజాం_అమ్మమ్మ, రాజాం
బుధవారం, మధ్యాహ్నం 3:40

మీ నాన్నతో వాదించకు. ఉత్తరం తల పెట్టరు, మా ఇంట్లోనూ పెట్టం. దానికి వేరే ఉపాయాలున్నాయి. మంచాన్ని గోడ నుంచి జరిపి మధ్యలో వేయించు. నువ్వు ఇన్నాళ్లూ పడుకున్న పక్క కాకుండా రెండో పక్కకి మారు, పిల్లాడు నీ వైపే తిరుగుతాడు. మంచం కదలకపోతే పిల్లాడికి కింద బొంత వేసి, తల తూర్పుకో దక్షిణానికో పెట్టి, నువ్వు వాడికి ఎడమవైపు పడుకో. కిటికీకి పగటిపూట తెర వేసెయ్.


పొందూరు_కోడలు, పొందూరు
బుధవారం, సాయంత్రం 5:15

బోర్లా వేస్తే ఏడవడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మా పాపని మొదటిసారి చాప మీద బోర్లా వేస్తే ఊరంతా వినపడేలా ఏడ్చింది. మా అత్త "పిల్లని హింస పెడుతున్నావ్" అని ఎత్తేసుకుంది. చాప మీద మొదలుపెట్టక్కర్లేదని ఆశా కార్యకర్త చెప్పాక దారి దొరికింది. దిండ్లు ఆనించుకుని వెనక్కి వాలి పడుకుని పాపని నా గుండె మీద బోర్లా వేసుకునేదాన్ని. నా ముఖం చూడటానికి తల ఎత్తేది. తర్వాత తొడల మీద అడ్డంగా. ఆ తర్వాత చాప మీద, చేతుల కింద పాత ఖద్దరు తువ్వాలు చుట్ట పెట్టి. చిన్న అద్దం ఎదురుగా పెడితే దాన్ని చూస్తూ ఏడుపు మరిచిపోయేది. పాలు తాగిన వెంటనే వేస్తే కక్కేస్తుంది, కాసేపు ఆగాలి. గుడ్డలు మార్చిన ప్రతిసారీ రెండు నిమిషాలు అనుకుంటే గుర్తుంటుంది.

మన దగ్గర ఎండాకాలం ఉక్కపోతలో గుండె మీద వేసుకుంటే ఇద్దరికీ చెమటకాయలు వస్తాయి. అప్పుడు వరండాలో చాపే మేలు.


గంటస్తంభం_ఫిజియో, విజయనగరం
బుధవారం, రాత్రి 8:45

కోడలు గారు చెప్పినట్టు చిన్న చిన్న విడతలే బాగుంటాయి. ఇంటికి వచ్చిన రోజు నుంచే రోజుకి రెండు మూడుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాల చొప్పున మొదలుపెట్టొచ్చు. ఏడో వారానికల్లా రోజు మొత్తం మీద పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా రావాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఇంకా పాకని పిల్లలకి మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2019లో చెప్పింది. స్నానంలో, నూనెలో, ఒళ్లో గడిచినవన్నీ ఇందులోకే వస్తాయి, గడియారం పెట్టుకోవద్దు.

నాగావళి గారూ, మీ బాబుకి మెడ బిగువు ఉన్నట్టే అనిపిస్తోంది. దీనికి ఇంటి ఉపాయాలు మాత్రమే చాలవు, పిల్లల ఫిజియోకి చూపించండి. రెండు మూడు నెలల వయసులో మొదలుపెడితే చాలా తేలిక. ఆరో నెలలో వచ్చేవాళ్లతో మాకూ పిల్లలకీ ఇద్దరికీ కష్టం, ఎందుకంటే అప్పటికి తల పెరుగుదల నెమ్మదిస్తుంది, పిల్లాడు పట్టుకుంటే ఆగడు.


ఆశా_చెల్లి, గరివిడి
గురువారం, ఉదయం 7:30

అందరికీ నమస్తే అండి. నేను ఆశా కార్యకర్తని. ఆసుపత్రిలో కాన్పయిన పిల్లలకి మేము 42 రోజుల్లోపు ఆరుసార్లు ఇంటికి వస్తాం. తర్వాత మూడో నెల, ఆరో నెల, అలా పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి. తల్లులు బరువు గురించి, జ్వరం గురించి అడుగుతారు గానీ తల ఆకారం గురించి అడిగేవాళ్లు తక్కువ. అడగండి. మీరు చెబితే పీహెచ్‌సీ డాక్టర్ గారికి చూపిస్తాం. పిల్లల పుట్టుక లోపాలు, ఎదుగుదల లోపాలు చూడటానికి ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ అని ఒక కేంద్రం ఉంటుంది. అక్కడికి రాయించుకుంటే ఫిజియోథెరపీకి డబ్బులు కట్టక్కర్లేదు.


చెన్నై_నాన్న
గురువారం, రాత్రి 11:12

నమస్కారం. నాగావళి_అమ్మాయి భర్తని. హెల్మెట్ ఫొటోలు పంపిన దోషిని నేనే. ఇక్కడ నా కొలీగ్ వాళ్లు వేయించారు, అందుకే అడుగుతున్నాను. ఆలస్యం చేసి తర్వాత బాధపడే కంటే ఇప్పుడే వేయిస్తే పోదా? ఖర్చు సంగతి నేను చూసుకుంటాను.


నాగావళి_అమ్మాయి, ఆమదాలవలస
గురువారం, రాత్రి 11:15

ఫోన్ చేయొచ్చు కదండీ, ఇక్కడ అడగాలా 🙂


సుదూర_సిక్కోలు, న్యూజెర్సీ
శుక్రవారం, ఉదయం 6:20

బాబాయ్ గారూ, మీ తొందర అర్థమైంది. ఇక్కడ పార్కులో రంగురంగుల హెల్మెట్లతో పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. అందుకే నేనూ ఒకప్పుడు దీని గురించి బాగా చదివాను.

నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఐదారు నెలల వయసున్న, ఓ మోస్తరు నుంచి ఎక్కువ చదును ఉన్న 84 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. సగం మందికి ఆరు నెలలు రోజుకి 23 గంటలు హెల్మెట్, మిగతా సగం మందికి ఏమీ లేదు. రెండేళ్ల వయసులో కొలిస్తే రెండు జట్లలోనూ తేడా లేదు. రెండింటిలోనూ దాదాపు నాలుగో వంతు పిల్లలకే తల పూర్తిగా సరైంది, మిగతావాళ్లకి కొంత చదును మిగిలింది. హెల్మెట్ పెట్టుకున్న పిల్లలకి చర్మం కందడం, చెమట, వాసన అదనం. మెడ బిగువున్న పిల్లల్ని, చాలా తీవ్రంగా ఉన్న పిల్లల్ని మాత్రం అందులో చేర్చలేదు, కాబట్టి అందరికీ ఒకే మాట అనలేం.

న్యూజిలాండ్‌లో 200 మంది పిల్లల్ని పుట్టుక నుంచి రెండేళ్ల దాకా చూసిన లెక్క 2004లో వచ్చింది. ఆరు వారాలకి నూటికి 16 మందికి, నాలుగు నెలలకి దాదాపు 20 మందికి చదును. ఎనిమిది నెలలకి 9 మంది. రెండేళ్లకి 3 మంది. నాలుగో నెల చూసి భయపడేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. అది ఎక్కువగా కనిపించే నెల.


గంటస్తంభం_ఫిజియో, విజయనగరం
శుక్రవారం, మధ్యాహ్నం 1:40

నా అభిప్రాయం కూడా చెబుతాను. రెండు నెలల పిల్లాడికి హెల్మెట్ మాటే ఎత్తక్కర్లేదు. వేసేవాళ్లు కూడా సాధారణంగా నాలుగో నెల దాటాకే మొదలుపెడతారు. చదును తీవ్రంగా ఉండి, ఐదారు నెలల దాకా తిప్పుతూ, ఫిజియో చేస్తూ కూడా ఏమాత్రం మార్పు లేకపోతే అప్పుడు న్యూరోసర్జన్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మన కోస్తా గాలికి 23 గంటలు నెత్తి మీద ప్లాస్టిక్ టోపీ అంటే తల్లిదండ్రులు ఆ చెమటకాయల సంగతి కూడా ఆలోచించాలి.

చెన్నై నాన్న గారూ, ఆ డబ్బుతో సెలవు పెట్టుకుని నెలకోసారైనా ఆమదాలవలస రండి. మీరు ఎత్తుకుని తిప్పినంతసేపు బాబు తల కింద పెట్టక్కర్లేదు. ఇది వెటకారం కాదు, చికిత్సే.


పలాస_పప్పు, కాశీబుగ్గ
శుక్రవారం, సాయంత్రం 4:05

చీర ఊయల సంగతి చెప్పండి. మా ఇంట్లో పగలూ రాత్రీ ఊయలే. మా అత్త "ఊయల్లో పిల్లలకి సొట్ట రాదు, గుడ్డ మెత్తగా ఉంటుంది కదా" అంటుంది.


గంటస్తంభం_ఫిజియో, విజయనగరం
శుక్రవారం, రాత్రి 7:55

గుడ్డ మెత్తనే, కానీ చీర ఊయల్లో పిల్లాడు రెండు వైపుల నుంచి ముడుచుకుపోతాడు. తల తిప్పడానికి చోటుండదు, కాళ్లూ చేతులూ ఆడించడానికి కుదరదు. వీపు వంగి గడ్డం గుండెకి ఆనితే ఊపిరికి ఇబ్బంది. జోకొట్టడానికి ఊపండి, నిద్రపోయాక తీసి చదునైన గట్టి పక్క మీద పడుకోబెట్టండి. రాత్రంతా ఊయల వద్దు. పగలు ఊపుతున్నా పక్కన మనిషి ఉండాలి.

కారు సీటు, బౌన్సర్, వాలు కుర్చీలకీ ఇదే వర్తిస్తుంది. ప్రయాణానికి సీటు తప్పదు, వాడాలి కూడా. ఇంటికొచ్చాక అందులోనే నిద్రపుచ్చకూడదు.


బొబ్బిలి_వీణ, బొబ్బిలి
శనివారం, ఉదయం 9:30

అందరూ చదువుకున్నవాళ్లు, నేనేం అనను. కానీ మా అమ్మా, వాళ్లమ్మా ఆవాల దిండుతోనే పెంచారు. ఎవరికీ ఏమీ కాలేదు. దిండు చుట్టూ ఇంత భయం పెట్టడం నాకు నచ్చలేదు.


రాజాం_అమ్మమ్మ, రాజాం
శనివారం, ఉదయం 10:10

వీణమ్మా, మన కాలంలో పిల్లాడి పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉండేవాళ్లు. అత్త, ఆడపడుచు, పక్కింటావిడ. దిండు కాస్త జరిగితే సర్దే చేయి ఉండేది. ఇప్పుడు పిల్ల ఒక్కర్తే, రాత్రి అలసిపోయి పడుకుంటుంది. అప్పుడు దిండు జరిగితే ఎవరు చూస్తారు? ఆ ఆవాలు పోపులో వేసుకోమను.


నాగావళి_అమ్మాయి, ఆమదాలవలస
(తర్వాతి నెల) ఆదివారం, సాయంత్రం 5:00

చాలామంది మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. శ్రీకాకుళంలో ఫిజియో గారికి చూపించాం. ఎడమ మెడ కండరం బిగువే. నాకు సాగదీసే పద్ధతి నేర్పారు, పాలకి ముందు, నెమ్మదిగా, బాబు ఒప్పుకున్నంతవరకే. ఒకరు భుజం పట్టుకోవాలి, ఒకరు తల. నేనూ అమ్మా చేస్తున్నాం. ఎడమ చేతి మీద అడ్డంగా పడుకోబెట్టుకుని తిప్పే పద్ధతి మా నాన్న నేర్చుకున్నారు, సాయంత్రం వీధంతా అలాగే తిప్పుతారు.

మంచం మధ్యలోకి వచ్చింది. ఇప్పుడు ఎడమకి దాదాపు భుజం దాకా తిరుగుతున్నాడు. నిద్రలో సగంసార్లు ఎడమవైపే ఉంటున్నాడు. తల వంపు తగ్గింది. చదును అలాగే ఉంది, పెరగలేదు. అది తగ్గడానికి నెలలు పడుతుందని, ప్రతి వారం ఫొటో తీసి పోల్చుకోవద్దని చెప్పారు. నెలకోసారి పైనుంచి ఒకటి తీస్తున్నాను, తల తడిపి, వెంట్రుకలు అణిచి.

అత్తగారికి దిండు గురించి చెప్పేశాను. కొంచెం అలిగారు. బోర్లా పడ్డ రోజు బొబ్బట్లు తానే చేసుకొస్తానన్నారు కాబట్టి సర్దుకున్నట్టే.


గజపతినగరం_కవలల_తల్లి
ఆదివారం, రాత్రి 9:20

ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మాకు కవలలు, నెలలు తక్కువ పుట్టారు, ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉండి వచ్చారు. ఇద్దరికీ తల వెనక చదును లేదు గానీ పక్కలు నొక్కినట్టు, ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉంది. ఒకడి తల మీద కాన్పప్పుడు వాక్యూమ్ పెట్టిన చోట బొప్పి కూడా ఉండేది, ఇప్పుడు గట్టిగా తగులుతోంది. దాన్ని నూనెతో ఒత్తమంటున్నారు. ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెడుతున్నాను, ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. అదీ మార్చాలా?


గంటస్తంభం_ఫిజియో, విజయనగరం
ఆదివారం, రాత్రి 10:05

బొప్పిని ఒత్తకండి. అది ఎముక పైపొర కింద చేరిన రక్తం అయి ఉండొచ్చు, అలాంటిది దానంతట అదే కరుగుతుంది. కరిగేటప్పుడు అంచులు గట్టిగా తగలడం మామూలే. అయినా పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. బొప్పి పెరిగినా, ఎర్రబడినా, పిల్లాడి ఒళ్లు పచ్చబడినా ఆగకుండా వెళ్లాలి.

పొడుగు తల నెలలు తక్కువ పుట్టిన పిల్లల్లో తరచూ చూస్తాం. వాళ్ల ఎముకలు ఇంకా మెత్తన, ఎన్‌ఐసీయూలో తల ఎక్కువసేపు పక్కకి తిప్పి ఉంచుతారు, అందుకే పక్కలు అణుగుతాయి. వెల్లకిలా పడుకుంటూ పెరిగేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. పొడుగు తలకి అతుకు మూసుకోవడం కూడా ఒక కారణం కావచ్చు కాబట్టి, నడినెత్తిన ముందు నుంచి వెనక్కి గట్టులా తగులుతోందేమో అదే రోజు డాక్టరుని చూడమనండి. ఎదుగుదల చూసేటప్పుడు పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోండి. మెడ ఇంకా నిలవలేదని పక్కింటి పిల్లలతో పోల్చొద్దు.

పక్కపక్కన పడుకోబెట్టడం గురించి. కవలల్లో చదును వచ్చే అవకాశం ఎక్కువ, తల్లికి ఇద్దరినీ ఎత్తుకోవడం కుదరదు కాబట్టి. నిద్రకి ఇద్దరికీ విడివిడి పక్కలు వేయండి, ఒకే పక్క మీద వద్దు. పక్కలు దగ్గరగా ఉండొచ్చు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరుగుతారు కాబట్టి రోజు మార్చి రోజు వాళ్ల స్థానాలు మార్చండి, నిన్న కుడివైపు ఉన్నవాడు ఈరోజు ఎడమవైపు. ఎవరు ఎటో మర్చిపోకుండా గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. డీఈఐసీకి వెళ్లేటప్పుడు ఎన్‌ఐసీయూ డిశ్చార్జి కాగితం, తల చుట్టుకొలతలు రాసిన కార్డు రెండూ తీసుకెళ్లండి.